శాటిలైట్ సారు

"తాళం ఈయప్పా, నాకు టైమైపోతాంది!"

"బోరుకు పాయింటు చూపించి పో సార్. అంతవరకూ ఇది నా దగ్గరే ఉంటాది," అని బయ్యన్న బైకు తాళాన్ని పంచె మొలలో దోపుకున్నాడు.

విష్ణువర్ధన్‌కు ఒళ్ళు మండింది. అనంతపురంలో పిల్లలకు ఇంజినీరింగ్ పాఠాలు చెప్పే లెక్చరరు, నడిరోడ్డు మీద ఇలా ఇరుక్కుపోతాడని కలలోనైనా అనుకున్నాడా? స్నేహితులంతా కలిసి బైకుల మీద లడాఖ్ పోతున్నారు. దారి చూపే శాటిలైట్ యంత్రం కొనే పని ఇతని నెత్తిన పడింది. ఫోన్లలో మ్యాపులు ఇంకా రాని రోజులవి. బైకు సామాన్లు అమ్మే ఐజాక్ బెంగుళూరు నుంచి రెండు రకాలు తెప్పించి, "రెండూ తిప్పి చూడన్నా, ఏది కావాల్నో సాయంత్రం చెప్పు" అన్నాడు. ఈయన రెండింటినీ హ్యాండిలుకు బిగించి, రాయదుర్గం బస్టాండు అని కొట్టి, ఝామ్మని బయలుదేరాడు.

బెళుగుప్ప దాటేదాకా రెండూ ఒకే మాట మీద ఉన్నాయి. ఆ తర్వాత నల్లది నేరుగా పొమ్మంది. ఎర్రది ఎడమకు తిరగమంది. ఎడమ పక్కన దారి లేదు, ఎండిన శనక్కాయ చేనుంది. బండి ఆపి, ఆకాశంలోకీ యంత్రాల్లోకీ మార్చి మార్చి చూశాడు. ఆ చేన్లోనే బోరు లారీ ఒకటి సిద్ధంగా నిలబడి ఉంది. అంతే, ఆ చేను రైతు బయ్యన్న పరిగెత్తుకుంటూ వచ్చి ఏం మిషన్లివి అని అడగడం, ఈయన శాటిలైట్‌తో పనిచేస్తాయని గొప్పగా చెప్పడం, తాళం మాయం కావడం అన్నీ చిటికెలో జరిగిపోయాయి.

"ఇవి నీళ్ళు చూపించవు పెద్దాయనా. దారి చూపిస్తాయి."

"దారా?" బయ్యన్న పకపకా నవ్వాడు. "ఈ రోడ్డు నేరుగా పోతే రాయదుర్గం. మా బర్రెను అడిగినా చెప్తాది. దారి కోసం ఎవడన్నా దుడ్లు పోసి మిషన్లు కొంటాడా? మమ్మల్ని ఏమనుకున్యావు సార్?"

విష్ణువర్ధన్ తాళం కోసం మళ్ళీ చెయ్యి చాపాడు.

బయ్యన్న భార్య సుబ్బరత్నమ్మ ముందుకొచ్చింది. "అరచేతిలో టెంకాయ పెట్టుకున్నోడు చూపించినాడు, వేపపుల్ల పట్టుకున్నోడు చూపించినాడు. దుమ్ము తప్ప సుక్క నీళ్ళు రాలా. ఇదే ఆఖరు బోరు సార్. ఇదీ పోతే చేను అమ్ముకొని బెంగుళూరికి కూలికి పోవాల్సిందే." కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

విష్ణువర్ధన్ మనసు కరిగింది. కరిగితే పాఠం చెప్పడం ఆయనకు అలవాటు. "టెంకాయలనీ, పుల్లలనీ, మిషన్లనీ నమ్ముకొని బోర్లేస్తే మునిగిపోరా అమ్మా? చదువుకున్నోన్ని, నేను అబద్ధం చెప్పలేను."

"అబద్ధం ఎవురికి కావాల సార్? పాయింటు చెప్పు చాలు," అన్నాడు బయ్యన్న.

ఇక లాభం లేదనుకున్నాడు. ఎర్రదాన్ని ఊడబీకి చేతబట్టుకుని, "రాండి, మీ కండ్లతోనే చూడండి, దీనికేమీ తెలీదు" అంటూ చరచరా చేన్లోకి నడిచాడు. సగం చేను దాటాడో లేదో, యంత్రంలోని ఆడగొంతు ఇంగ్లిషులో ముద్దుగా ఏదో పలికింది.

అందరూ ఎర్ర యంత్రం చుట్టూ మూగారు.

"ఏమంటాంది ఆయమ్మ?" బయ్యన్న మెల్లగా అడిగాడు.

"చేరాల్సిన చోటికి చేరినామంటాంది," అన్నాడు. అబద్ధం చెప్పలేని మనిషి కదా పాపం.

బయ్యన్న అక్కడే మడమతో గుంత చేసి రాయి పాతాడు.

"అయ్యో, అది కాదప్పా! నీ చేనే రాయదుర్గం బస్టాండు అనుకుంటాంది ఇది!"

వినేదెవరు? కర్పూరం వెలిగించారు. నిమ్మకాయ కోశారు. లారీ జరిగి వచ్చి రాయి మీదే రాడ్డు దింపింది.

మిషను మోతకు చెవులు దిబ్బళ్ళు పడ్డాయి. తెల్లటి రాతిపొడి లేచి అందరి నెత్తినా పడింది. రాడ్డు మీద రాడ్డు దిగుతోంది, పొడి తప్ప ఏమీ రావడం లేదు. సుబ్బరత్నమ్మ చేతులు జోడించి కళ్ళు మూసుకుంది. ఆమె ముఖం చూసే ధైర్యం విష్ణువర్ధన్‌కు లేకపోయింది. తన నోటి మాటకు ఒక సంసారం వీధిన పడుతోంది. తాళం ఇచ్చినా కదిలేవాడు కాడు.

ఉన్నట్టుండి పొడి ఆగింది. బురద చిమ్మింది. ఆ వెనకే ఇంత లావున నీళ్ళు ఎగిసిపడ్డాయి!

బయ్యన్న నీళ్ళ కింద నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సుబ్బరత్నమ్మ ఎర్ర యంత్రానికి కుంకుమ పెట్టి దండం పెట్టింది.

"కాకతాళీయం అమ్మా! ఊరికే అట్ల కుదిరింది, అంతే!" అని విష్ణువర్ధన్ గొంతు చించుకున్నాడు. "శాటిలైట్ సారు ఎంత మంచోడో సూడు," అని బయ్యన్న తాళం చేతిలో పెట్టి కాళ్ళకు మొక్కబోయాడు.

పొద్దుగూకే వేళకు ఒళ్ళంతా బురదతో ఐజాక్ షాపుకు చేరాడు.

"ఏమన్నా, యాడన్నా పడినావా? ఏది బాగుండాది?"

"నల్లది బంగారం. ఒక్క తప్పు చెప్పలా. ఎర్రది ఉత్త దండగ. రోడ్డుకూ చేనుకూ తేడా తెలీదు దానికి."

"నేనూ అదే అనుకున్యా. నల్లది కట్టియ్యనా?"

"వద్దు, ఎర్రది ఇయ్యి."

ఐజాక్ నోరెళ్ళబెట్టాడు. "అదేందన్నా! దీన్ని నమ్ముకొని లడాఖ్ ఎట్ల పోతావు?"

విష్ణువర్ధన్ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "లడాఖ్‌కు మావోళ్ళు పోయొస్తార్లేప్పా. రేపు మా నాయన చేన్లో బోరు లారీ దిగుతాండాది."