జూన్ ఒకటిన పుట్టిన పిల్ల

“ఇంకోసారి చెప్పు. నీ వయసెంత?”

“పందొమ్మిది.”

“గొంతు పెంచి చెప్పవే. దొంగతనం చేసినదాన్లాగా గొణగమాకు.”

కొండమ్మ పిన్నీసు పళ్ళ మధ్య పట్టుకుని భవితకు కుచ్చిళ్ళు సర్దుతోంది. ఆమె సందీప్ ఇంటి నుంచి వచ్చిన మనిషి. భవిత నోరారా ‘వదినా’ అని పిలుస్తోంది.

పదో తరగతి పరీక్షలకు చదువుకోవాల్సిన పిల్ల. చీర కట్టుకోవడం ఇది రెండోసారి. అద్దంలో చూసుకుని మురిసిపోయింది. పిచ్చిపిల్ల, కుచ్చిళ్ళు పెడితే పెద్దదాన్నయిపోయాననుకుంది.

పదహారు కూడా నిండలేదని తేలితే సందీప్‌తో పెళ్ళి జరగదు. ఆమె భయమల్లా అదొక్కటే.

“మరి బళ్ళో వేరేగా రాసుంది కదా వదినా?”

“జూన్ ఒకటేగా? మీ ఊళ్ళో సగం మంది జూన్ ఒకటినే పుట్టారు. అయ్యవార్లు తోచింది రాసేస్తారు. మా అమ్మానాన్న మిరపకోతలకు ఊళ్ళు తిరిగి నన్ను చానా ఆలస్యంగా బళ్ళో వేశారు అని చెప్పు. అంతే.”

భవిత తలూపింది. సందీప్‌కు ముప్పై రెండు. మిరపకాయల బేరానికి వాళ్ళ ఊరొచ్చి, ఆమెకు ఫోను కొనిచ్చాడు. పెళ్ళి చేసుకుంటానని బైకెక్కించుకుపోయి, మూడు రోజుల తర్వాత బస్టాండులో దించేశాడు. నాలుగు నెలలైంది, మళ్ళీ కనిపించలేదు.

“ఫోనెత్తడేంది వదినా?”

“తీరిక లేదులే. ఈ ఒక్కరోజు నువ్వు తడబడకుండా ఉంటే వచ్చే నెల్లోనే ముహూర్తం.”

నరసరావుపేటలో బస్సు దిగి వెళ్ళేసరికి తండ్రి వీరయ్య అప్పటికే వచ్చి చెట్టు కింద నిలబడి ఉన్నాడు. మొదట్లో ఎగిరెగిరి పడ్డ మనిషే. ఊరి పెద్దమనుషులు ఇంటికొచ్చి మాట్లాడి వెళ్ళాక నోరు పడిపోయింది. కూతురి చీర చూసి కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

భవితకు జాలేసింది. పెళ్ళయ్యాక నాన్నే సర్దుకుంటాడులే అనుకుంది.

లోపల గదిలో పెద్దసారు మెత్తగానే మాట్లాడాడు.

“మంచినీళ్ళు తాగమ్మా. నీ వయసెంత? నిన్నెవరైనా బలవంతం చేశారా?”

భవిత నేర్చుకున్నదంతా ఒక్క గుక్కలో చెప్పేసింది. మిరపకోతలు కూడా మర్చిపోలేదు.

ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు ఆమె మొహంలోకి చూశాడు. నమ్మలేదని తెలుస్తూనే ఉంది.

“నిజమేనా తల్లీ?”

“నిజం సార్. నా ఇష్టంతోనే.”

ఆయన నిట్టూర్చి పక్కకు తిరిగాడు.

‘నాకు పందొమ్మిదేళ్ళు, ముద్దాయి సందీప్ నన్ను బలవంతం చేయలేదు’ అని బాధితురాలి సాక్ష్యాన్ని జడ్జిగారు టైపు చేయిస్తుంటే, తలుపు అవతల సందీప్ భార్య కొండమ్మ జాకెట్లో దాచుకున్న తన తాళిబొట్టు పైకి తీసి కళ్ళకద్దుకుంది.