ఆడని ఆటలు

"రెండొందల వీడియో గేములు కొన్నావు. ఒక్కటైనా ఆడావా? అన్నీ డిలీట్ చేసేస్తా!" నర్సు డ్రస్సు మార్చుకోకుండానే అక్క టీవీ రిమోట్ అందుకుంది.

"ముట్టుకోకు!" అప్పుడే వెల్డింగ్ షాపు నుంచి వచ్చిన తమ్ముడు అరిచాడు.

"ఆడనివాడికి ఇన్నెందుకురా?"

నాలుగు ఆటలు తీసేసింది. ఐదోదాని దగ్గర ఆమె వేలు ఆగింది. మిగిలినవన్నీ గబగబా తిరగేసింది. ప్రతిదాని కిందా ఒకటే మాట: 'ఇద్దరు ఆడాలి'.

"ఒక్కడివే ఆడుకునేవి దొరకలేదా?"

"దొరక్కేం! ఆదివారం ఇంట్లో ఉంటానన్నప్పుడల్లా నమ్మి ఒకటి కొన్నాను. నువ్వేమో ఎవరెవరివో డ్యూటీలు నెత్తినేసుకున్నావు. తీసెయ్, అన్నీ తీసెయ్!"

ఆమె కోపం ఇప్పుడు తన మీదికే తిరిగింది. ఫోన్ తీసి హెడ్ నర్సుకు కలిపింది.

"రేపు ఆదివారం నేను రానండీ. జ్వరమేం కాదు. మా తమ్ముడితో ఆడుకోవాలి," అంది కసిరినట్టుగా.