మంచం పక్కన పెట్టుకునే ఫొటో

"రంగుల్లో వద్దమ్మాయ్. రంగుల్లో చీర కనబడుతుంది గానీ మనిషి కనబడదు" అంది పెద్దావిడ, ఫొటో స్టూడియోలో స్టూలు మీద సర్దుకుంటూ.

ఫొటోలావిడ సరేనంది. నలుపూ తెలుపూ ఫొటోలు తీయడం ఆమెకు కొట్టిన పిండి.

పెద్దావిడ పక్కన పాతికేళ్ల అమ్మాయి కూర్చుంది. ముళ్ల మీద కూర్చున్నట్టుంది పాపం.

"మా అమ్మాయి. దీనికి సిగ్గెక్కువలే" అంటూ మురిసిపోయింది పెద్దావిడ. "నాది మతిమరుపు జబ్బు. ముందు ముందు అందరినీ మర్చిపోతానట. మంచం పక్కన ఫొటో పెట్టుకోమని డాక్టరే చెప్పాడు. పొద్దున లేవగానే చూసుకుంటే నా కూతురెవరో గుర్తుంటుంది కదా! మిగతా లోకం ఏమైపోతే నాకేం?"

"మేడమ్, వద్దులెండి. ఇంకోసారి వస్తాం." అమ్మాయి లేవబోయింది.

"కూర్చో. ఆవిడను కంగారు పెట్టకు" అంది ఫొటోలావిడ. "ఇంకోసారికి ఇంకాస్త మర్చిపోతారు."

వెళ్లి కిటికీ తెర సగం లాగింది.

"అద్గదీ! ఇప్పుడు మెత్తబడింది వెలుగు" అంది పెద్దావిడ. "ఎవరు నేర్పారు నీకు?"

"మా అమ్మ."

"గట్టి మనిషే అయ్యుంటుంది."

"ఊఁ. కెమెరా కదిపితే నెత్తిన మొట్టేది."

పెద్దావిడ పకపకా నవ్వింది. ఫొటోలావిడకు నవ్వు రాలేదు. ఏడుపూ రాలేదు. కొన్నాళ్లుగా ఆమె మనసు మొద్దుబారిపోయింది. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

"చెంపకు చెంప ఆనించండి. ఇంకా దగ్గరికి. అమ్మాయ్, ఆవిడ చెయ్యి పట్టుకో. అలా అంటీముట్టనట్టు కాదు, గట్టిగా."

పెద్దావిడ కళ్లు మూసుకుని అమ్మాయి చెంపకు ముక్కు రాసింది. ఫొటోలావిడ వేలు ఒక్క క్షణం ఆగింది. తర్వాత నొక్కింది.

పావుగంటలో ప్రింటు చేతికిచ్చింది. పెద్దావిడ ముఖం చాటంతయింది. ఫొటోను గుండెకు హత్తుకుంది.

"ఇక మర్చిపొమ్మన్నా నా కూతుర్ని మర్చిపోను. నన్ను గట్టెక్కించావు. చల్లగా ఉండు తల్లీ!"

"జాగ్రత్తండీ. మెట్లున్నాయి" అంది ఫొటోలావిడ.

ఇద్దరూ చేతులు పట్టుకుని మెట్లు దిగారు. ఫొటోలావిడ స్టూలు గోడవారకు జరిపింది. కిటికీ తెర తీసేసింది.

అంతలో ఆ అమ్మాయి ఒక్కతే రొప్పుతూ వెనక్కొచ్చి, ఆమె ముఖంలోకి చూడలేక నేల చూపులు చూస్తూ అంది: "మేడమ్, నా డ్యూటీ ఆరింటికి అయిపోతుంది, ఈలోపు మీరు ఇంటికొచ్చెయ్యండి, మీ అమ్మగారు ఒక్కరే ఉండలేరు."