రాతి మీద గాడి

"మళ్ల తెగిందా?"

ఎల్లేష్ చేతిలో సుత్తి ఆగింది.

ముసలాయన తలూపి, ఎడమ చెప్పు ముందు పెట్టి కూర్చున్నాడు. మూడు సోమవారాలుగా అదే చెప్పు, అదే పట్టీ.

అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దగ్గర, గోడ వారన పదేళ్లుగా చెప్పులు కుడుతున్నాడు ఎల్లేష్. ఊరి నుంచి వచ్చి చోటు కోసం తిరిగిన మర్నాడే ఇది ఖాళీగా దొరికింది. తోలు కోసే రంపె నూరుకునే రాయి, దాని మీద లోతైన గాడి కూడా అప్పటికే ఉన్నాయి. తన అదృష్టం అనుకున్నాడు.

"మీ కుట్టు వారం కూడా ఆగదా ఏంటి?" అంది బ్యాగు పట్టీ కుట్టించుకోవడానికి నిలబడ్డ ఆమె.

ఎల్లేష్‌కు తల కొట్టేసినట్టయింది. పట్టీని వెలుగుకు పట్టి చూశాడు. అరిగి తెగిన దారం పీచు లేస్తుంది. ఇది నున్నగా ఉంది.

"తెగలే. బ్లేడుతోని కోసినవ్! నన్ను బద్నాం చెయ్యనీకి ఎవడు తోలిండు నిన్ను?"

నడిచేవాళ్లు ఆగి చూశారు.

"జర కుట్టియ్యి బిడ్డా. అందాక కూసుంట."

"కూసునుడు లేదు, గీసునుడు లేదు. లే!"

ముసలాయన లేచాడు. రెండో చెప్పు కూడా అక్కడే విడిచి, ఎండలో వట్టి కాళ్లతో నాంపల్లి వైపు నడిచాడు.

పక్కనున్న తన బండి నుంచి టీ తెచ్చిన రాణక్క ఆ చెప్పులు చూసింది.

"గట్టయ్య తాత ఏడి?"

"ఆ దొంగ ముసలోడా? ఎల్లగొట్టిన."

"అయ్యో తమ్మీ! ఊరికే కూసుంటే నీకు అడ్డమైతడని, నా కాడ బ్లేడు తీస్కొని పట్టీ కోసుకునేటోడు. ఇయ్యాల మూడింటి రైలుకు ఊరికి పోతుండు. మళ్ల రాడు."

ఎల్లేష్ పట్టీకి రెండు వరుసలు కుట్టి, చెప్పులు చేత పట్టుకుని నాంపల్లి స్టేషన్‌కు ఉరికాడు.

రైలు వెళ్లిపోయింది.

తిరిగొచ్చి, చెప్పులు పక్కన పెట్టుకుని కూలబడ్డాడు.

"నా కాడ కూసునుడేందక్కా? నేనేమైత ఆయనకు?"

రాణక్క వంగి, రాతి మీది గాడిని వేలితో తడిమింది.

"చెప్పకని ఒట్టు పెట్టిండు తమ్మీ. పదేండ్ల కింద, కడుపుతోనున్న పెండ్లాన్ని ఎంటేసుకొని నువ్వు ఎండల తిరుగుతుంటె చూసి, ముప్పై ఏండ్లు రంపె నూరిన గీ రాయిని, గీ జాగను నీకిడిచి ఎల్లిపోయినోడు ఆయనే."