ఎనిమిదోవాడు

"తలుపు తియ్యి టీచరమ్మా! నీ ఎనిమిదోవాణ్ణి తెచ్చాను."

నెలీదా తలుపు తీసింది. గుమ్మంలో ఎవరో ముసలావిడ. ఆమె వీపున కట్టుకున్న చారల దుప్పట్లోంచి నాలుగేళ్ల పిల్లవాడు తల బయటపెట్టి చూస్తున్నాడు.

నెలీదాకి ప్రాణం లేచొచ్చింది. ఆండీస్ కొండల్లోని పుకాపంపాలో అది సర్కారు వారి పసిపిల్లల బడి. ఎనిమిది మంది లేకపోతే మూసేస్తారు. నెలాఖరున పెద్దమేడం తలలు లెక్కపెట్టడానికి వస్తుంది. నిన్నటిదాకా ఉన్నది ఏడుగురే.

"ఏ ఊరవ్వా?"

"కొండవతల."

"అమ్మో, అక్కణ్నుంచి నడిచే! మనవడా?"

అవ్వ నవ్వింది. ఉన్న నాలుగు పళ్లూ కనిపించాయి.

"వాయ్రా అంటారు వీణ్ణి. రాసుకో తల్లీ."

అవ్వ పేరు దొమితీలా. రోజూ తెచ్చేది. రోజూ ఆలస్యమే.

"బడి ఎనిమిదింటికవ్వా!"

"ఆ సంగతి కొండకి చెప్పు."

మళ్లీ కొండెక్కి దిగే ఓపిక లేక బడి విడిచేదాకా అక్కడే ఉండేది. లోపల కూర్చుంటానంటే, బయటివాళ్లు ఉండకూడదని నెలీదా బయట గోడవార చోటు చూపించింది.

అక్కణ్నుంచే ఒకరోజు అవ్వ కిటికీలోంచి తొంగిచూసింది. అలమర మీద సర్కారు పంపిన పెట్టె. చెక్కముక్కలు, బొమ్మలు, లక్కపిడతలు. పైనున్న ప్లాస్టిక్ కాగితం చించనే లేదు.

"బొమ్మలకి జలుబు చేసిందా, అలా కప్పిపెట్టావు?"

"ఆడితే పాడవుతాయి. మేడం వచ్చినప్పుడు కొత్తగా కనబడాలి."

"ఆడుకునేది మేడమా?"

నెలీదా కిటికీ మూసేసింది.

ఆటవిడుపులో పిల్లలంతా అవ్వ చుట్టూనే. అవ్వ గులకరాళ్లు పేర్చి దొడ్డి కట్టేది. నల్లరాళ్లు బరువులు మోసే లామా జంతువులు, తెల్లరాళ్లు గొర్రెలు. పొద్దుగూకిందనేది. పిల్లలు ఒక్కోదాన్నీ లెక్కపెట్టి లోపలికి తోలేవాళ్లు. ఎప్పుడూ ఒకటి తక్కువే వచ్చేది. ఆ రాయిని అవ్వ తన టోపీలోనో, ఎవడి జేబులోనో దాచేసేది.

"దొడ్డి మూసేద్దామా?"

"వద్దూ! ఒకటి రాలేదు!" ఎనిమిది గొంతులూ ఒక్కసారే.

"మరి వెతకండర్రా. ఒకటి తక్కువైతే దొడ్డి మూయకూడదు."

నెలీదా గంట కొట్టేది.

"చాల్లే అవ్వా. మట్టిలో పొర్లడానికా వీళ్లని బడికి పంపింది?"

నెలాఖరు వచ్చింది. ఆ రోజు తెల్లవారినప్పటినుంచీ వడగళ్లు. మేడం కోటు దులుపుకుంటూ వచ్చి, తలలు లెక్కపెట్టింది. ఏడు. మళ్లీ లెక్కపెట్టింది. ఏడే.

"ఇంకొకడు వస్తాడు మేడం. దూరంనుంచి రావాలి."

"ఈ వడగళ్లలో ఎవరొస్తారమ్మా? నాకు బస్సు టైమవుతోంది."

ఆ పొద్దునే విప్పిన బొమ్మలు చాప మీద మెరుస్తున్నాయి. పిల్లలు చేతులు వెనక్కి పెట్టుకుని గోడకి ఆనుకున్నారు. ముట్టుకోవద్దని నెలల తరబడి విన్నవాళ్లు.

మేడం కలం మూత తీసింది.

తలుపు తోసుకుని అవ్వ వచ్చింది. నిలువునా తడిసి వణుకుతోంది. దుప్పటి విప్పి వాయ్రాని దించింది. వాడి మీద ఒక్క చుక్క పడలేదు.

"ఇదా రావడం! ఇవాళైనా పెందలాడే బయల్దేరకూడదూ?" నెలీదా కసిరింది.

"ఎనిమిది," అంది అవ్వ మేడంతో, దగ్గుతూ. బయటికెళ్లి తన గోడవార కూర్చుంది.

వాయ్రా తిన్నగా చాప మీదికెళ్లి చెక్కముక్కలతో దొడ్డి కట్టడం మొదలుపెట్టాడు. మిగతా ఏడుగురూ వచ్చి మీదపడ్డారు. బొమ్మల్ని గొర్రెలనుకుని లోపలికి తోలి లెక్కపెట్టారు. ఒకటి తక్కువైంది. గదంతా వెతికారు. తప్పిపోయిన గొర్రె చివరికి మేడం కోటు జేబులో దొరికింది. మేడం పగలబడి నవ్వి, బూట్లు విప్పి చాప మీద కూర్చుంది.

"ఆటలోనే లెక్కలొచ్చేశాయే! ఎవరు నేర్పారిది?"

నెలీదా కిటికీ వైపు చూసింది.

"నేనే మేడం."

మేడం సంతకం పెట్టింది. బడికి ఇంకో ఏడాది ఆయుష్షు.

మర్నాడు అవ్వ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నాలుగోరోజు నెలీదా వేయించిన మొక్కజొన్నలు మూటకట్టుకుని కొండెక్కింది. దారిపొడుగునా ఒకటే మాట వల్లెవేసుకుంది: 'ఆ ఆట నీదేనని మేడంకి ఉత్తరం రాశానవ్వా.'

కొండవతల మొదటి ఇంటిముందు వాయ్రా, వాళ్ల నాన్న ఈసిద్రో బంగాళాదుంపలు ఏరుతున్నారు.

"దొమితీలా అవ్వ ఏదీ?"

ఈసిద్రో టోపీ తీశాడు.

"నిన్ననే మట్టిచేశాం టీచరమ్మా. ఆ వడగళ్లలో తడిసి రొమ్ము పట్టేసింది."

మూట నెలీదా చేతిలో అలాగే ఉండిపోయింది.

"మీ అమ్మా?"

"కాదు, చుట్టమైనా కాదు. ఒకరోజు వచ్చి, 'పుకాపంపా బడిలో ఒకడు తక్కువయ్యాడట, నీవాణ్ణియ్యి, నేను మోసుకెళతా' అంది."

"ఎందుకలాగ?"

ఈసిద్రో ఆమెని పక్కనే ఉన్న అవ్వ ఇంటికి తీసుకెళ్లి, వెనకగది తలుపు తోశాడు.

లోపల ఎనిమిది చిన్నచిన్న పీటలు. గోడకి వరసగా ఎనిమిది కొక్కేలు. ఒక్కోదాని మీద ఒక్కో బొమ్మ గీసి, కింద పేరు రాసి ఉంది. నక్క, చందమామ, కప్ప. చివరి కొక్కెం దగ్గర బొమ్మా లేదు, పేరూ లేదు.

వాయ్రా అలవాటైన చోటికి వెళ్లినట్టే వెళ్లి, తన టోపీ తీసి దానికి తగిలించాడు.

"ఆ కప్ప నాది," అన్నాడు ఈసిద్రో. "ఇది మా ఊరి సర్కారు బడి టీచరమ్మా, నడిపింది అవ్వే. ఒకడు తక్కువయ్యాడని ఇరవై నాలుగేళ్ల కిందట మూసేశారు."