పాటలో నాన్న

"మీ నాన్నగారు జన్మలో మందు ముట్టలేదట కదండీ?"

విలేకరి ఆ మాట అనేసరికి 'పిడుగు' అని పేరు పెట్టుకున్న ర్యాప్ గాయకుడు మైకు పక్కకి జరిపాడు. మైకు ముందు గుక్క తిప్పుకోనివాడు! మొదటి ఆల్బమ్ నిండా తాగుబోతు నాన్న తిట్లూ తన్నులే. జనం కళ్లనీళ్లు పెట్టుకుని మరీ నెత్తిన పెట్టుకున్నారు. ఆ ఊపులో రెండోదీ అదే నాన్నతో విడుదల చేశాడు. వారం తిరక్కుండానే "అంతా బూటకం" అంటూ ఒకటే ఎగతాళి. దాన్ని ఆపడానికే ఈ సమావేశం.

"బస్సు డ్రైవరట. తాగారో లేదో చూడ్డానికి డిపోలో రోజూ గొట్టంలో ఊదిస్తారట. ఎప్పుడూ సున్నానేనట. మరి 'తలుపు తన్ని తూలుతూ వచ్చాడు మా నాన్న' అని మమ్మల్ని ఏడిపించారే, ఆ నాన్న ఎవరండీ?"

హాలంతా గొల్లున నవ్వింది. పిడుగుకి తల కొట్టేసినట్టయింది. తన మీద ఏనాడూ చెయ్యెత్తని మనిషిని తాగుబోతుని చేసి అమ్ముకున్నాడు. ఇక నిజం చెప్పేద్దామని మైకు అందుకున్నాడు.

"వద్దు, కొంప మునుగుతుంది" అని మేనేజర్ చెయ్యి నొక్కాడు.

అంతలో ఎవరో ఫెడీమని తలుపు తన్నారు. డ్రైవర్ చొక్కాలో నాన్న! తూలుతూ వచ్చి బల్ల పట్టుకుని నిలబడ్డాడు.

"ఏరా! కన్నతండ్రి పరువు వీధికీడుస్తావా? ఇవాళ నీ తోలు తీస్తా!"

కెమెరాలు మెరిశాయి. "అయ్యో పాపం, నిజమే!" అన్నాడు ఇందాకటి విలేకరే. మేనేజర్ ముఖం వెలిగిపోయింది.

పిడుగు నాన్నను పొదివి పట్టుకుని పక్క గదిలోకి తీసుకెళ్లి తలుపేశాడు. చొక్కా నిండా మందు కంపు. అతనికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. ఆయన కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"తప్పయిపోయింది నాన్నా. నా పాటలే నీ చేత తాగించాయి. రేపు నిన్ను బస్సెక్కనిస్తారా?"

నాన్న నిటారుగా నిలబడ్డాడు. తలుపు గడియ పడిందో లేదో చూసుకున్నాడు. తడిసిన చొక్కా విప్పి పక్కన పెట్టి, గొంతు తగ్గించి అడిగాడు.

"తాగలేదురా, చొక్కా మీద పోసుకున్నానంతే. ఇంతకీ నీ పాటలో ఉన్నట్టే తూలానా?"