లోపల ఎవరున్నారు?

ఏడో నెలకే నాకు నొప్పులు మొదలయ్యాయి. రామచంద్రపురం ఆసుపత్రిలో డాక్టరమ్మ సూది గుచ్చి సెలైన్ పెట్టింది. "కదలకండి. బిడ్డ అప్పుడే బయటికి రాకూడదండి."

రెండున్నరేళ్ళ మా హారతిని ఎత్తుకుని అత్తయ్య మంచం దగ్గరికి వచ్చారు. అలవాటు కొద్దీ అడిగారు.

"అమ్మ బొజ్జలో ఎవరున్నారే, బంగారం?"

రోజూ "తమ్ముడు!" అని అరిచేది. పసిపిల్లల నోటిమాట నిజమవుతుందని అత్తయ్య నమ్మకం. నాకలాంటి నమ్మకాలు లేవనుకునేదాన్ని.

ఇవాళ హారతి నా చేతికున్న సూదినీ డాక్టరమ్మనీ మార్చి మార్చి చూసి, "ఎవలూ లేలు," అంది.

అత్తయ్య ముఖం పాలిపోయింది. "తప్పే! తమ్ముడను!"

"లేడు!"

నా చెయ్యి కడుపు మీదికి పోయింది. కదలిక తెలియలేదు. ఇంత చదువూ చదివి, ఆ ఒక్క మాటకి వణికిపోయాను.

డాక్టరమ్మ నా కడుపు మీద గొట్టం ఆనించి బిడ్డ గుండె చప్పుడు విన్నది. "ఉందండి. కానీ ఇంకా గట్టెక్కినట్టు కాదు," అని బయటికి వెళ్ళింది.

తలుపు మూసుకోగానే హారతి మంచమెక్కి, నా కడుపు కనపడకుండా దుప్పటి కప్పి, దానికి నోరు ఆనించింది.

"సూది డాక్టల్ వెళ్ళిపోయింది, తమ్ముడూ. బయటికి లాకు. అక్కడే దాక్కో."

"తథాస్తు," అన్నాను, అత్తయ్యకంటే ముందే.